కరెంటొచ్చినా మోటారు కాసేపు ఆగాలి

మన పల్లెల్లో త్రీఫేజు కరెంటు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి బల్బు వంక చూడనక్కరలేదు. పొలాల వైపు చెవి పెడితే చాలు. స్టార్టర్ డబ్బాలు ఒక్కపెట్టున టక్కుమంటాయి. గట్టు మీది ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమని మూలుగుతుంది. అదృష్టం బాగుంటే మూలుగు సర్దుకుని పైపుల్లో నీళ్లు పడతాయి. బాగులేకపోతే ఫ్యూజు టప్పుమంటుంది. ఇంకా బాగులేకపోతే ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. అది బాగై వచ్చేదాకా చీనీ చెట్లు ఆకు ముడుచుకుని నిలబడతాయి, టమోటా మడి వాడిపోతుంది.

దీనికి కారణం కరెంటోళ్లని రైతులూ, రైతులని కరెంటోళ్లూ అంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. కానీ అసలు తిరకాసు డబ్బాలో బిగించిన ఆటో స్టార్టరు దగ్గర ఉంది. కరెంటు రావడం, మోటారు తిరగడం ఈ రెండింటి నడుమ కాస్త వ్యవధి ఉండాలన్న చిన్న సంగతిని మనం లెక్కలోకి తీసుకోవడం లేదు. ఆ వ్యవధిని లెక్కపెట్టేదే టైమరు. అది చేసే పని అర్థమైతే పదిమంది రైతుల మోటార్లు నిలుస్తాయి.

పది మోటార్ల లెక్క

ఐదు హార్స్‌పవర్ మోటారు మామూలుగా తిరిగేటప్పుడు సుమారు ఏడున్నర ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. హార్స్‌పవరుకు ఒకటిన్నర ఆంపియరు చొప్పున మెకానిక్కులు వేసే మోటు లెక్క ఇదే. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ సుమారు 84 ఆంపియర్ల దాకా మోయగలదు. అంటే దాని కింద పది మోటార్లు ఆడినా 75 ఆంపియర్లే. కాగితం మీద అంతా సవ్యంగానే ఉంది.

అయితే నిలిచి ఉన్న మోటారు లేచి వేగం అందుకునే ఆ ఒకటి రెండు సెకన్లలో మామూలు కరెంటుకు ఆరింతలు దాకా లాగుతుంది. నిండు బండిని బురదలోంచి కదిలించేటప్పుడు ఎద్దులు పడే శ్రమ లాంటిదే ఇది. కదిలాక అంత బలం అక్కర్లేదు. ఒక్కొక్క మోటారు 45 ఆంపియర్లు లాగబోతే పది మోటార్లకూ కలిపి 450. 84 మోసే ట్రాన్స్‌ఫార్మర్ మీద 450 భారం ఒక్కసారిగా పడితే వోల్టేజి కుంగిపోతుంది. వోల్టేజి కుంగితే మోటారుకు లేచే సత్తువ ఉండదు. లేవలేని మోటారు ఆ ఆరింతల కరెంటును లాగుతూనే ఉంటుంది. రెండు సెకన్లలో తీరవలసిన బాధ పది, ఇరవై సెకన్లు సాగుతుంది. వైండింగులు కాలేది అప్పుడే.

అదే మోటార్లు ఒకదాని తర్వాత ఒకటి లేస్తే? తొమ్మిది ఆడుతుండగా పదోది లేచినా 67, దాని మీద 45, మొత్తం 112 ఆంపియర్లు. అదీ రెండు సెకన్లే. ట్రాన్స్‌ఫార్మర్ దానిని ఓర్చుకుంటుంది.

పచ్చ బటన్ జ్ఞాపకం

స్టార్టర్ డబ్బా మీద పచ్చ బటన్, ఎర్ర బటన్ ఉంటాయి. పచ్చది నొక్కి వేలు తీసేసినా మోటారు ఆడుతూనే ఉంటుంది. ఎందుకు? పచ్చ బటన్ నొక్కగానే లోపలి కాయిల్‌కు కరెంటు అంది, అది కాంటాక్టులను లాక్కుంటుంది. వాటిలో ఒక చిన్న కాంటాక్టు పచ్చ బటనుకు పక్కదారిగా ఉంటుంది. వేలు తీసినా ఆ పక్కదారిలో కరెంటు వచ్చి కాయిల్‌ను పట్టి ఉంచుతుంది. ఇది డబ్బాకు జ్ఞాపకం లాంటిది. ఎర్రది నొక్కితే దారి తెగి, ఆ జ్ఞాపకం పోతుంది. కరెంటు పోయినా అంతే. కాబట్టి కరెంటు తిరిగి వచ్చినప్పుడు మోటారు తనంతట తాను లేవదు. ఎవరో ఒకరు వెళ్లి నొక్కాలి.

ఇది డబ్బా చేసినవాళ్లు ఆలోచించి పెట్టిన కట్టడి. కానీ కరెంటు కొన్ని గంటలే, అదీ ఏ అర్ధరాత్రో వచ్చిన ఏళ్లలో రైతుకు అదే శాపమైంది. టార్చిలైటు పట్టుకుని గట్ల మీద పోతే పాములు, తేళ్లు. తడి చేత్తో డబ్బా ముట్టుకుంటే షాకు. 2004 మే నెలలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజునే ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం చేశారు. బిల్లు భారం తీరింది గానీ రాత్రి నడక తీరలేదు. అందుకే ఆటో స్టార్టర్లు ఇంటింటి పేరయ్యాయి. కరెంటు రాగానే పచ్చ బటన్ నొక్కే పనిని ఒక రిలే చేస్తుంది. రైతు మంచం దిగనక్కరలేదు. ఆ సుఖాన్ని తప్పు పట్టడానికి లేదు. పచ్చ బటనులో పుల్ల గుచ్చి వదిలేసే మొండి పద్ధతిని మాత్రం ఎవరూ సమర్థించలేరు. దానితో డబ్బాలోని కట్టడులు ఒక్కొక్కటిగా పనికిరాకుండా పోతాయి.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఇంకో ముచ్చట బయటపడింది. కరెంటు పోదు, ఆటో స్టార్టరున్న మోటారు ఆగదు, భూమిలో నీరు మాత్రం తరుగుతుంది. అక్కడి విద్యుత్ సంస్థలు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పవలసి వచ్చింది. మొదలుపెట్టడం తెలిసి, ఆగడం తెలియని యంత్రంతో వచ్చే చిక్కు అది.

మూడు మాటల శాస్త్రం

మంచి ఆటో స్టార్టరు గుడ్డిగా నొక్కదు. తనలో తాను కొన్ని ప్రశ్నలు వేసుకుంటుంది. మూడు ఫేజులూ ఉన్నాయా? వాటి వరుస సరిగా ఉందా? వోల్టేజి చాలినంత ఉందా? పెట్టిన గడువు గడిచిందా? ఇవన్నీ 'అవును' అంటేనే, పైగా ఓవర్‌లోడ్ కొట్టి ఉండకపోతేనే మోటారు వేస్తుంది. ఫేజుల వరుస తారుమారైతే మోటారు వెనక్కి తిరిగి నీళ్లు సరిగా ఎక్కవు. ఒక ఫేజు లేకుండా ఆడితే వైండింగు కాలుతుంది. అందుకని ఒక్క ప్రశ్నకు జవాబు 'లేదు' అయినా మోటారు కదలరాదు.

'ఇదీ, అదీ రెండూ ఉంటే', 'ఇదైనా అదైనా ఉంటే', 'ఇది లేకపోతే' అనే ఈ మూడు మాటలే మొత్తం శాస్త్రం. ఇంగ్లండులో చెప్పులు కుట్టేవాని కొడుకు జార్జ్ బూల్ 1854లో వీటిని కూడికలు, గుణకారాల మాదిరి లెక్కగా రాశాడు. 1937లో అమెరికా విద్యార్థి క్లాడ్ షానన్ తన సిద్ధాంత వ్యాసంలో ఆ లెక్కనంతా రిలేలు, స్విచ్చులతో చేయవచ్చని చూపాడు. నేటి కంప్యూటర్లకు ఆ లెక్కే పునాది. మన చేనుగట్టు మీది డబ్బాలో ఉన్నదీ అదే.

పెద్ద మోటార్లకు వాడే స్టార్-డెల్టా స్టార్టరులో ఇది ఇంకా బాగా కనబడుతుంది. మోటారు మొదట స్టార్‌లో లేస్తుంది. అప్పుడు లైను మీద కరెంటు నేరుగా వేసిన దానిలో మూడో వంతే. కొన్ని సెకన్లకు టైమరు స్టార్ విడిపించి డెల్టాకు మారుస్తుంది. రెండూ ఒకేసారి పడితే ఫేజులు కలిసిపోయి నిప్పులు రాలతాయి. అందుకని స్టార్ పడి ఉన్నంతసేపు డెల్టా పడకుండా, డెల్టా పడి ఉన్నంతసేపు స్టార్ పడకుండా అడ్డు పెడతారు. తోడికోడళ్లు ఒకరు వంటింట్లో ఉంటే ఇంకొకరు రాకుండా గడియ వేసుకున్నట్టు!

గిన్నె మునిగితే గడియ

టైమరంటే ఏదో కొత్త వింత అనుకోనక్కరలేదు. గడియారం అనే మాటలోనే గడియ ఉంది. అడుగున సన్నని బెజ్జం ఉన్న రాగి గిన్నెను నీళ్ల తొట్టిలో వదిలితే అది మెల్లగా నిండి మునుగుతుంది. మునిగేసరికి ఒక గడియ, అంటే 24 నిమిషాలు. రోజుకు అరవై మునకలు. సూర్యసిద్ధాంతంలో ఈ యంత్రం ప్రస్తావన ఉంది. ఎడారి దేశమైన ఇరాన్‌లో భూగర్భ కాలువల నీటిని రైతులు ఇలాంటి గిన్నె మునకల లెక్కనే పంచుకునేవారు.

నేటి చవక టైమర్లలో చాలావాటి గుండె 555 అనే చిన్న చిప్పు. స్విట్జర్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన హాన్స్ కామెంజిండ్ దానిని 1971లో రూపొందించాడు. మరుసటి ఏడాది మార్కెట్లోకి వచ్చింది. అర్ధ శతాబ్దం దాటినా ఇంకా తయారవుతూనే ఉంది. అది చేసే పని గిన్నె పనే. నీటి తొట్టి స్థానంలో కెపాసిటరు, సన్నని పైపు స్థానంలో రెసిస్టరు. పైపు సన్నమైనా, తొట్టి పెద్దదైనా నిండడానికి ఆలస్యమవుతుంది. తొట్టి మూడింట రెండు వంతులు నిండగానే చిప్పు గడువు తీరిందని చెబుతుంది. పది లక్షల ఓముల రెసిస్టరు, వంద మైక్రోఫారడ్ల కెపాసిటరు పెడితే సుమారు 110 సెకన్లు. టైమరు మీద మనం తిప్పే నాబు ఆ పైపును సన్నంగానో లావుగానో చేస్తుంది, అంతే.

భాస్కరాచార్యుని కూతురు లీలావతి పెళ్లి ముహూర్తం కోసం పెట్టిన గిన్నెలో ముత్యం రాలి బెజ్జం పూడిపోయిందనీ, ముహూర్తం దాటిపోయిందనీ కథ చెబుతారు. మన టైమర్లకూ అలాంటి ముత్యం ఒకటుంది. అదే ఎండ. ఇనుప డబ్బా మే నెల ఎండలో కాగుతుంటే కెపాసిటరులోని తడి ఏళ్లు గడిచేకొద్దీ ఆరిపోతుంది. తొట్టి చిన్నదైపోతుంది. రెండు నిమిషాలకని పెట్టిన టైమరు నిమిషంన్నరకే మోటారు వేస్తుంది. నాబు మీది గీత మాత్రం రెండు నిమిషాల దగ్గరే ఉంటుంది.

సెల్‌ఫోనులో పది దీపాలు

ఇదే విద్యను మన కుర్రకారు మరో చోట నేర్చుకుంటున్నారు. మైన్‌క్రాఫ్ట్ అని సెల్‌ఫోనులో ఒక ఆట ఉంది. స్వీడన్‌కు చెందిన మోజాంగ్ సంస్థ దానిని 2011లో పూర్తి రూపంలో విడుదల చేసింది. దిమ్మెలు పేర్చి ఇళ్లు, కోటలు కట్టుకునే ఆట అది. అందులో రెడ్‌స్టోన్ అనే ఎర్రపొడి ఉంటుంది. నేల మీద చల్లుకుంటూ పోతే తీగలా పనిచేస్తుంది. దానితో చిక్కుముడి గదులు కడతారు. ఒక బటన్ నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. కొంతసేపటికి మూసుకుంటుంది. ఆ లోపల ఆటగాడు ఇంకో మీట తిప్పి దాటిపోవాలి. గడువు ఎంత పెట్టాలన్నదే అలాంటి గది కట్టేవాని నేర్పు. ఎక్కువిస్తే చిక్కు ఉండదు, తక్కువిస్తే ఎవరూ దాటలేరు.

ఆటలో రాతి బటన్ ఒక సెకను, చెక్క బటన్ ఒకటిన్నర సెకను నొక్కి ఉంటాయి. రిపీటర్ అనే పలక కబురును 0.1 నుంచి 0.4 సెకను దాకా ఆపి పంపుతుంది. టార్చి 'లేకపోతే' అనే మాట. తీగలో కరెంటు వస్తే ఆరిపోతుంది, పోతే వెలుగుతుంది. ఇంకా ఎక్కువ గడువు కావాలంటే హాపర్ అనే గరాటు పెడతారు. నిండు గరాటులో 320 వస్తువులు పడతాయి. ఒక్కొక్కటి 0.4 సెకను చొప్పున జారి ఖాళీ అయ్యేసరికి 128 సెకన్లు. ఇది మళ్లీ మన రాగి గిన్నే.

ఇంట్లో ఈ ఆట ఆడే పిల్లవాడు ఉంటే, వాని చేత ఫోను లాక్కోవడానికి ముందు ఒక పని చెప్పి చూడండి. ఒక మీటకు పది దీపాలు తగిలించి, మీట వేస్తే సెకనుకొకటి చొప్పున వెలగాలని చెప్పండి. సెకను ఆలస్యానికి మూడు రిపీటర్లు కావాలి. రెండు 0.4 మీద, ఒకటి 0.2 మీద. పది దీపాల నడుమ తొమ్మిది సందులు కాబట్టి 27 రిపీటర్లు. అవి పెట్టి మీట వేస్తే దీపాలు వరుసగా వెలుగుతాయి. మీట తీసి చూస్తే వరుసగానే ఆరుతాయి.

అసలు తేడా ఇక్కడే ఉంది. మన లైనులో కరెంటు పోతే పది మోటార్లూ ఒకేసారి ఆగుతాయి. వరుసగా ఆగవు. ఆటలో కూడా అలా కావాలంటే ప్రతి దీపానికీ రెండు తీగలు తేవాలి. మీట నుంచి నేరుగా ఒకటి, ఆలస్యంగా ఒకటి. రెండూ ఉంటేనే దీపం వెలగాలి. ఆ 'రెండూ ఉంటేనే' అన్న పనిని మూడు టార్చీలతో చేస్తారు. ఒక్కొక్క తీగ ఒక్కొక్క టార్చిని ఆర్పుతుంది. ఆ రెండు టార్చీలలో ఏ ఒక్కటి వెలుగుతున్నా మూడోది ఆరిపోయి ఉంటుంది. రెండూ ఆరితేనే మూడోది వెలుగుతుంది. కాసేపు తల గోక్కుంటే పిల్లవాడికి అర్థమవుతుంది. పెద్దవాళ్లకు ఇంకాస్త సేపు పడుతుంది.

పొలంలోని టైమరుకూ ఇదే నియమం. కరెంటు క్షణం పోయి వచ్చినా గడువును మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి. కరెంటు పోగానే పైపులోని నీళ్లు వెనక్కి జారితే పంపు ఎదురు తిరుగుతుంది. అప్పుడే మోటారు వేస్తే ఇరుసు తెగే ప్రమాదముంది. మళ్లీ మొదలయ్యే ఆ గడువులో నీళ్లు సర్దుకుంటాయి.

ఆగి ఆగి పోసే బోర్లకు

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురవడమే గొప్పయిన నేల మనది. అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాలు 2022 ఏప్రిల్‌లో రెండుగా విడిపోయినా కరువు మాత్రం ఉమ్మడిదే. ఇక్కడ చాలా బోర్లు పూర్తిగా ఎండవు, నిండుగా పోయవు. ఇరవై నిమిషాలు పోసి గ్యాప్ కొడతాయి. నీళ్లు లేకుండా ఆడిన పంపు వేడెక్కి పాడవుతుంది. అలాంటి బోర్లకు రెండో రకం టైమరు పనికొస్తుంది. నీళ్లు తగ్గితే మోటారు మీద భారం తగ్గి, అది తీసుకునే కరెంటు కూడా తగ్గుతుంది. దానిని కనిపెట్టి యంత్రం మోటారు ఆపుతుంది. పెట్టిన గడువు దాకా బోరులో ఊట ఊరనిచ్చి మళ్లీ వేస్తుంది. ఎంత గడువు పెట్టాలన్నది యంత్రం చెప్పదు. ఆ బోరు సంగతి తెలిసిన రైతే చెప్పాలి. మూడు రోజులు గడియారం పట్టుకుని, ఎంతసేపు పోస్తుంది, ఎంతసేపటికి తేరుకుంటుంది అని రాసుకుంటే లెక్క తేలుతుంది. రైతులే బోర్లలో నీటిమట్టం కొలుచుకుని, ఉన్న నీళ్లను బట్టి పంట ఎంచుకునే పద్ధతిని ఎ.పి.ఫామ్స్ పథకం మన జిల్లాతో సహా ఏడు కరువు జిల్లాల్లో నేర్పింది. అది నేర్చుకున్నవారికి ఈ లెక్క కష్టం కాదు.

పూణేకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ అనే ఇంజనీరు సెల్‌ఫోనుతో మోటారు వేసి ఆపే 'నానో గణేశ్' అనే పరికరం తయారుచేశారు. అలాంటి ఫోను స్టార్టర్లు ఇప్పుడు రకరకాలు దొరుకుతున్నాయి. ఉన్న ఊరి నుంచే మోటారు ఆపవచ్చు. కానీ పదిమందీ ఒకేసారి ఫోను నొక్కితే ట్రాన్స్‌ఫార్మరుకు మళ్లీ పాత గతే.

ఎవరు ముందు, ఎవరు వెనక

కాబట్టి చిక్కు యంత్రంలో కన్నా మనుషుల మధ్యనే ఎక్కువ. టైమర్లు చాలామంది డబ్బాల్లో ఇప్పటికే ఉన్నాయి. అందరూ నాబును అతి తక్కువ గడువు దగ్గర పెట్టుకుంటారు. పక్కవాడి మోటారు ముందు లేస్తే తన నీళ్లు వాడు లాగేస్తాడన్న భయం. ఆ భయానికి ఆధారం లేకపోలేదు, రెండు బోర్లు దగ్గరగా ఉన్నచోట. కానీ ఎంత నష్టమో లెక్క చూద్దాం. పది మోటార్లకు అర నిమిషం చొప్పున ఎడం పెడితే మొదటివాడికి అర నిమిషం, చివరివాడికి ఐదు నిమిషాలు ఆలస్యం. ఏడు గంటల సరఫరా అనుకుంటే 420 నిమిషాలు. అందులో చివరివాడు పోగొట్టుకునేది ఐదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే పదిమందీ పోగొట్టుకునేది ఎన్ని దినాలో అనుభవించినవారికి తెలుసు.

చెరువు కింద మడులకు నీరుగంటి వంతు వేసినట్టు, ఇక్కడా వంతు మార్చుకోవచ్చు. ఈ పంటకు చివరనున్నవాడు వచ్చే పంటకు మొదటికి రావచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులు ఒక సాయంత్రం రచ్చబండ దగ్గర కూర్చుంటే తేలే పని ఇది.

చవక టైమర్లు ఖచ్చితం కాదు. వాటిలోని కెపాసిటర్లు నూటికి ఇరవై వంతులు అటూ ఇటూ ఉంటాయి. నాలుగున్నర నిమిషాలకు పెట్టినదీ, ఐదుకు పెట్టినదీ ఒకేసారి కొట్టవచ్చు. దానికి బెంగపడనక్కరలేదు. రెండు మోటార్లు కలిసి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేనిది పది కలిసి లేస్తేనే. అంకెలు కనిపించే డిజిటల్ టైమర్లలో ఈ తేడా ఉండదు.

పని చేయించేటప్పుడు పైన ఫ్యూజులు తీయించి, డబ్బాకు ఎర్త్ సరిగా ఉందో చూసుకుని, తెలిసిన మెకానిక్కు చేతనే బిగించుకోవాలి. ఎవరి గడువు ఎన్ని సెకన్లో డబ్బా తలుపు మీద పెయింటుతో రాసిపెట్టాలి. ఉగాది దాటాక ఒకసారి అందరూ తమ తమ డబ్బాల దగ్గర నిలబడి, కరెంటు వచ్చిన క్షణం నుంచి మోటారు లేచేదాకా చేతి గడియారంతో కొలవాలి. రాసిన అంకె కన్నా బాగా ముందే లేస్తే ఆ టైమరు ఎండకు అయిపోయిందని లెక్క. కెపాసిటరు మార్చడం పెద్ద ఖర్చు కాదు, చేయి తిరిగిన మెకానిక్కుకు పది నిమిషాల పని.